ట్రాన్స్‌ఫార్మరార్థం అక్షతలు

రాళ్లకుంట వెంగమ్మకు తాను దేవతనన్న సంగతి కరెంటాఫీసు గుమ్మంలో తెలిసింది. అంతకుముందు నలభై అయిదేళ్లూ ఆమె మనిషిగానే బతికింది. పుట్టిన ఊళ్లో గానీ, మెట్టిన ఊళ్లో గానీ ఆమెను ఎవరూ అంతకన్నా పెద్ద మాట అన్న పాపాన పోలేదు.

ఆమె వచ్చిన పని మామూలుది. మొన్నటి గాలిదుమారానికి ఊరి తూర్పు పొలాల ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలి, నూనె కక్కి, నల్లగా మాడి కూర్చుంది. దాని కిందున్న బోర్లన్నీ మూగబోయాయి. వెంగమ్మకున్నదల్లా ఎకరం మిరప. అది పూత మీదుంది. పూత మీదున్న మిరపకు నీళ్లు తప్పితే పూతా నిలవదు, పిందే పడదు, పొయ్యిలోకి పుల్లలు మాత్రం మిగులుతాయి. పక్క చేను యేసోబుదీ అదే గతి. అందుకని ఇద్దరూ కలిసి మొదటి బస్సుకే బయల్దేరి వచ్చారు.

వెంగమ్మకు ఈ ఆఫీసు కొత్త కాదు. ఎప్పుడొచ్చినా వరండా స్తంభానికి ఆనుకుని నిలబడటం, ఎవరో ఒకరు "ఏమ్మా, అడ్డం తప్పుకో" అంటే తప్పుకోవడం, సాయంత్రానికి "రేపు రా" అనిపించుకోవడం ఆమెకు అలవాటే. ఆ స్తంభం మీద ఆమె వీపు అచ్చు కూడా పడి ఉంటుంది.

ఈసారి ఆమె మెట్టు మీద కాలు పెట్టగానే లోపల గంట మోగింది.

అటెండరు కాశింపీరా చేతిలో రాగి చెంబు పట్టుకుని ఎదురొచ్చాడు. నుదుటి మీద చెమట, గొంతులో సంస్కృతం.

"ఆవాహయామి!" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎంగమ్మక్కా, బాగుండావా? కాస్త కుడికాలు ముందు పెట్టు. ఎడం పెడితే మళ్లా మొదట్నించీ చదవాల" అన్నాడు.

"ఏందిరా కాశీం ఇది?"

"ఆర్డరక్కా. ఇప్పుడు ఆఫీసుకొచ్చినోళ్లంతా దేవుళ్లే."

యేసోబు ఒక అడుగు వెనక్కేశాడు. "నేను కూడానా?"

"నువ్వు మాత్రం ఊరికే వచ్చావా? సర్వీసు నంబరుందిగా. ఉంటే దేవుడివే."

"అక్కా, ఈ సంగతి మా పాస్టరుగారి చెవిన పడనీమాక" అన్నాడు యేసోబు వెంగమ్మ చెవిలో.

ఈ మార్పు వెనక ఒక మహానుభావుడున్నాడు. ఆయన పేరు డాక్టర్ చక్రధరం. ఇంటికొచ్చినవాణ్ణి దేవుడిగా చూడమని ఉపనిషత్తులో ఉన్న ఒక్క మాట, ఆ తర్వాతి మతచింతనను ఎలా ప్రభావితం చేసిందో పరిశోధించి ఆయన డాక్టరయ్యాడు. ఆ గ్రంథం రెండు సంపుటాలు. మొదటిది అర్థం కావడానికి రెండోది రాశాడనీ, రెండోది అర్థం కావాలంటే మొదటిది చదవాలనీ గిట్టనివాళ్లు అంటారు. కరెంటు శాఖ పెద్దాయన ఒకసారి ఏదో సభలో ఆయన ఉపన్యాసం విన్నాడు. భోజనాలకు ముందు వినడం వల్ల గుండె బాగా కరిగింది. మర్నాడే చక్రధరాన్ని శాఖకు ఆతిథ్య సంస్కృతి సమన్వయాధికారిగా వేసుకున్నాడు.

సమన్వయాధికారి మొదటి ఉత్తర్వులోనే 'వినియోగదారుడు' అన్న మాటను కొట్టేసి 'దేవత' అని రాశాడు. రెండో ఉత్తర్వులో దేవతలకు షోడశోపచారాలు తప్పనిసరి చేశాడు. మూడో ఉత్తర్వు చిన్నది గానీ దాని లోతు ఎక్కువ. "దేవతలకు కోరికలుండవు. కావున దేవతల నుండి ఎట్టి కోరికలూ స్వీకరింపరాదు."

వెంగమ్మకు ఇవేవీ తెలియవు. ఆమెకు తెలిసిందల్లా ఏ.ఇ. పరాంకుశంగారు స్వయంగా లేచి ఎదురురావడం. ప్యాంటు మీదే పట్టు కండువా కట్టుకున్నాడు. పక్కకు జరిగితే జారిపోతుందేమోనని నిలువునా నడుస్తున్నాడు.

"గోత్రం?" అన్నాడు.

"మాకు అట్టాంటియ్యి తెలవ్వయ్యా."

"ఫర్వాలేదు. శాఖ వెసులుబాటు ఇచ్చింది. సర్వీసు నంబరే గోత్రం."

వెంగమ్మ తన నంబరు చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని ఆ అంకెలన్నీ రాగయుక్తంగా చదివి, చివర "గోత్రోద్భవాం, వెంగమాంబాం, ధ్యాయామి" అని కలిపాడు. యేసోబు నంబరు పొడుగ్గా ఉండటంతో ఆ మంత్రం ఇంకా బాగా కుదిరింది.

తర్వాత ఆసనం. గదిలో ఏ.ఇ.గారి కుర్చీ తప్ప రెండో కుర్చీ లేదు. కాశింపీరా ఏమాత్రం తడుముకోకుండా పళ్లెంలోంచి చిటికెడు అక్షతలు తీసి వెంగమ్మ నెత్తిన వేశాడు.

"ఆసనార్థం అక్షతాన్ సమర్పయామి."

ఇది వెంగమ్మకు తెలిసిన సంగతే. ఏటా శ్రావణమాసంలో ఆమె ఇంట్లో వ్రతం చేసుకుంటుంది. అమ్మవారికి పెట్టడానికి పట్టుచీర ఎక్కడి నుంచి వస్తుంది? అయ్యవారు "వస్త్రార్థం అక్షతాన్" అంటాడు, నాలుగు గింజలు వేస్తుంది, అమ్మవారు సర్దుకుంటుంది. లేనివాళ్లను చూసి పెద్దలు పెట్టిన దయగల ఏర్పాటది. ఆ ఏర్పాటును అమ్మవారి వైపు నిలబడి చూడటం మాత్రం వెంగమ్మకు ఇదే మొదలు. నిలబడి అని ఎందుకంటే, ఆసనం కింద వచ్చినవి గింజలే కదా.

పాద్యం కింద కాళ్ల మీద ఒక ఉద్ధరిణెడు నీళ్లు పోశారు. ఆచమనం కింద అరచేతిలో మూడు చుక్కలు పడ్డాయి. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చిన యేసోబు ఆ మూడు చుక్కలూ నాకి, "ఇంకాస్త ఆచమనం పొయ్యి సామీ" అన్నాడు. మంత్రంలో మూడే ఉన్నాయని కాశింపీరా విచారం వెలిబుచ్చాడు.

వస్త్రానికి అక్షతలు. ఆభరణాలకు అక్షతలు. ఫ్యాను పాడై ఉంది గనక వింజామరకూ అక్షతలే. ఇట్లా నడిచి నడిచి సంగతి నైవేద్యం దగ్గరికి వచ్చింది. అది మాత్రం నిజంగా వచ్చింది. ఎదురు హోటలు నుంచి వేడివేడి గారెలు, అల్లప్పచ్చడి, ఒక పొట్లం మైసూరుపాకు. వెంగమ్మ పొద్దున ఏమీ తినకుండా వచ్చింది. ఆ వాసనకు కరెంటాఫీసు మీద ఇన్నేళ్ల కోపం సగం తగ్గింది.

కాశింపీరా ఒక దుప్పటి తెచ్చి వాళ్లిద్దరికీ, పళ్లేనికీ చుట్టూ తెర కట్టాడు. బయట గంట మోగింది. లోపల వెంగమ్మ గారె మీద చెయ్యి వెయ్యబోతుండగానే తెర లేచిపోయింది. కాశింపీరా పళ్లెం ఎత్తుకుని టైపు సెక్షను వైపు నడిచాడు.

"ఏందది? మేం తినలా!" అన్నాడు యేసోబు.

పరాంకుశం మృదువుగా నవ్వాడు. "దేవుడు తింటాడటయ్యా? దేవుడిది చూపులతోనే ఆరగింపు. మిగిలింది ప్రసాదం. ప్రసాదం భక్తులది."

భక్తులు లొట్టలేసుకుంటూ తిన్నారు. వెంగమ్మ చూపులతో ఇంకోసారి ఆరగించి, కొంగు సవరించుకుని, "అయ్యా, మా ట్రాన్స్‌ఫార్మరు..." అని మొదలుపెట్టింది.

ఏ.ఇ. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "తల్లీ, అడక్కూడదు. అడిగేది భక్తులు. ఇప్పుడు మా వంతు."

నిజంగానే అది వాళ్ల వంతు. మంత్రపుష్పం తర్వాత వరప్రార్థన. టైపిస్టు తన మోకాలి నొప్పి చెప్పుకుంది. కాశింపీరా గొంతు తగ్గించి, ఈ సంస్కృతం ఎత్తేసి తనను మళ్లీ టీలు తేవడానికి వెయ్యమని వేడుకున్నాడు. చివరికి పరాంకుశం కండువా ఒక చేత్తో పట్టుకుని వెంగమ్మ కాళ్ల ముందు మోకరిల్లాడు. ఉపచారాలన్నిటిలోనూ ఆయన గొంతు ఆఫీసు గొంతే. ఇప్పుడు మాత్రం మనిషి గొంతు వచ్చింది.

"తల్లీ, మా ఇంటిదీ పిల్లలూ ఏలూరులో ఉన్నారు. నేనిక్కడ మెస్సు కూడు తిని తిని కడుపులో పుండు తెచ్చుకున్నాను. ఎన్నిసార్లు అడిగినా బదిలీ కాలేదు. నువ్వు కరుణించాలి."

వెంగమ్మకు జాలేసింది. ఎవరు కష్టం చెప్పుకున్నా ఆమె నోట వచ్చే మాటే అప్పుడూ వచ్చింది. "అట్టాగే జరుగుద్దిలే నాయనా. దిగులుపడమాక."

"జరిగితే నీ మొక్కు తీర్చుకుంటాను తల్లీ! నువ్వేం కోరితే అదిస్తాను. వీళ్లంతా సాక్షి."

"అయితే మా..."

"ఇప్పుడే కోరకూడదు. వరం ఫలించాకే" అని పరాంకుశం లెంపలేసుకుని లేచాడు.

ఆఖరున ఉద్వాసన. పూజైపోయాక పసుపు గణపతిని ఉత్తరం వైపు కాస్త జరుపుతారు కదా. అలాగే కాశింపీరా ఒకవైపు, రికార్డు అసిస్టెంటు ఒకవైపు పట్టుకుని వెంగమ్మనూ యేసోబునూ ఉత్తరానికి జరిపారు. ఆఫీసు గేటు ఉత్తరానే ఉంది. "యథాస్థానం ప్రవేశయామి" అన్నంతసేపట్లో ఇద్దరూ రోడ్డు మీదున్నారు.

"అయ్యవారు ఇంకో మాట కూడా అంటాడే, మళ్లా రమ్మని?" అంది వెంగమ్మ.

"ఉంటదక్కా. పునరాగమనాయ అని" అన్నాడు కాశింపీరా గేటు వేస్తూ. "డాక్టరుగారు ఆ ముక్క కొట్టేయించాడు."

* * *

నాలుగు రోజులు వెంగమ్మ బిందెలతో మోసి చెట్టు మొదట చెంబెడు చెంబెడు పోసింది. ఎకరం మిరపకు చెంబు ఏపాటి? ఐదో రోజున ఆకు ముడుచుకోవడం మొదలైంది. మళ్లీ ఇద్దరూ బస్సెక్కారు.

ఈ నాలుగు రోజుల్లో ఆఫీసు చాలా దూరం వెళ్లింది. గుమ్మానికి మామిడాకులు, గోడకు కొత్త బోర్డు. ఉదయం సుప్రభాతం, తర్వాత సర్వదర్శనం, మధ్యాహ్నం పవళింపు. పవళింపు వేళ ఎవరూ రాకూడదట, దేవతలు నిద్రపోతుంటారు. దేవతలు మాత్రం అప్పుడు రోడ్డుకు అవతల సోడా బండి నీడన నిలబడి ఉన్నారు. బోర్డు కింద ఇంకో పలక వేలాడుతోంది. దాని మీద పెద్దక్షరాలతో 'ఈ కార్యాలయమునందు ఫిర్యాదులు లేవు' అని రాసి ఉంది. ఫిర్యాదులు లేని ఏకైక కార్యాలయంగా దీనికి పతకం కూడా వస్తోందట. ఆ పతకం విషయమే చూడటానికి డాక్టర్ చక్రధరం వచ్చి లోపల కూర్చుని ఉన్నాడు.

ఎండకు తాళలేక ఒక పెద్దాయన కరెంటు బిల్లు గాల్లో ఊపుతూ కేకలేశాడు. వెంటనే కాశింపీరా పరుగెత్తుకొచ్చి, "ఉగ్రరూపం! ఉగ్రరూపం!" అని లోపలికి చెప్పాడు. ఉగ్రదేవతలకు శాంతి చెయ్యాలని ఉత్తర్వు. నాలుగు బిందెల చల్లటి నీళ్లు పెద్దాయన నెత్తిన గుమ్మరించారు. ఆయన శాంతించాడు. ఒళ్లంతా చల్లబడితే ఎవరు శాంతించరు?

యేసోబు అది కాసేపు చూశాడు. తర్వాత గేటు పట్టుకుని ఊపుతూ, "ఒరే! ఏందిరా మీ పెత్తనం!" అని గట్టిగా అరిచాడు. అతనికీ నాలుగు బిందెలు పడ్డాయి.

"ఎంతమందిని అడిగినా దొరకని నీళ్లు అక్కా" అన్నాడు జుట్టు పిండుకుంటూ, తృప్తిగా.

వెంగమ్మకు నవ్వాలనిపించలేదు. ఆ నాలుగు బిందెలూ ఏ చెట్ల మొదట పడితే బాగుండేదో ఆమెకు తెలుసు. ఆమె బిందెల కోసం తెరిచిన గేటులోంచి దూరి, తిన్నగా చక్రధరం ముందుకు వెళ్లి నిలబడింది. పళ్లెం పట్టుకుని పక్కనుంచి వస్తున్న కాశింపీరాను చేత్తో ఆపింది.

"బాబూ, నేను దేవతను కాదు. మనిషిని. మా చేను ఎండిపోతంది. ట్రాన్స్‌ఫార్మరు ఇప్పించండి."

చక్రధరం కళ్లు చెమర్చాయి. ఆయన పరాంకుశం వైపు తిరిగాడు. "విన్నారా? 'నేను దేవతను కాను' అన్నది! అహంకారం లేకపోవడమే దైవలక్షణం. నా రెండో సంపుటంలో సరిగ్గా ఇదే చెప్పాను."

"అది కాదు బాబూ..."

"చూడమ్మా. మన చింతన పరిణామం అర్థం చేసుకోవాలి. మొదట్లో వచ్చినవాడికి నీళ్లిచ్చారు, అన్నం పెట్టారు. అది స్థూలదశ. తర్వాత వచ్చినవాడే దేవుడని తెలిసింది. దేవుడికి ఆకలి ఉందా? లేదు. దాహముందా? లేదు. ఆయన సర్వపరిపూర్ణుడు. అట్టివానికి ఏదైనా ఇవ్వడమంటే ఆయనకేదో లోటున్నదని అనడమే. అపచారం! కాబట్టి ఏమీ ఇవ్వకపోవడమే పరమాతిథ్యం. మతచింతన అక్కడికి చేరడానికి వేల ఏళ్లు పట్టింది. కరెంటు శాఖ వారంలో చేరింది."

"మాకు లోటుంది బాబూ. ట్రాన్స్‌ఫార్మరు లేదు."

డాక్టర్ చక్రధరం గడ్డం కింద వేలు పెట్టుకుని ఆలోచించాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఎదుటి మనిషి ముఖం చూస్తే ఆయనకు కూడా ఏదో ఒకటి చెయ్యాలనే అనిపిస్తుంది. అనిపించాక సంపుటాల్లో వెతుకుతాడు, అంతే. వెతగ్గా వెతగ్గా ఆయన ముఖం వెలిగింది.

"పూజలో ఒక వస్తువు లేదనుకోండి. ఏం చేస్తాం?"

"అక్షతలేస్తాం సార్" అన్నాడు కాశింపీరా, అలవాటు కొద్దీ.

చక్రధరం లేచి నిలబడ్డాడు. దోసెడు అక్షతలు పసుపుగుడ్డలో మూట కట్టించి, రెండు చేతులా పట్టుకుని, కంఠం పైకెత్తాడు.

"ట్రాన్స్‌ఫార్మరార్థం, అక్షతాన్, సమర్పయామి!"

ఆ సాయంత్రమే లైన్‌మన్ వచ్చి రాళ్లకుంట తూర్పు పొలాల్లో, మాడిపోయిన ట్రాన్స్‌ఫార్మరు దించి, అదే గద్దె మీద పసుపుమూటను వైరుతో గట్టిగా బిగించి వెళ్లాడు. ట్రాన్స్‌ఫార్మరు మార్చబడినది అని ఆఫీసులో నమోదైంది. ఒకసారి మార్చినదాన్ని మళ్లీ మూడేళ్ల దాకా మార్చకూడదన్నది పాత ఉత్తర్వు. దాన్ని ఎవరూ కొట్టేయలేదు.

* * *

మర్నాటికి మూటకు చిల్లు పడింది. పిచుకలు వరసగా వాలి ఒక్కో గింజా ఏరుకు తిన్నాయి. మొత్తానికి ఆ గద్దె నుంచి వాటికి మాత్రం సరఫరా అందింది.

వెంగమ్మ గట్టు మీద కూర్చుని చేను చూస్తోంది. పూత సగం రాలింది. సాళ్లల్లో తెల్లగా, ముగ్గు వేసినట్టుంది. వంగి ఒక చెట్టు ఆకు తిప్పి చూసింది. కాండంలో ఇంకా పచ్చి ఉంది. ఇవాళో రేపో నీళ్లందితే రెండో పూతైనా నిలబడుతుంది. ఎల్లుండైతే లేదు.

"తహసీల్దారు కాడికి పోదామా అక్కా?" అన్నాడు యేసోబు.

"ఆడ నిన్నేం చేస్తారో ఎవరికి తెలుసు? ఈడ దేవుణ్ణన్నా చేశారు."

అప్పుడు డొంకలో మోపెడ్ చప్పుడైంది. కాశింపీరా. నుదుటి మీద చెమట ఉంది గానీ చేతిలో రాగి చెంబు లేదు.

"ఎంగమ్మక్కా! ఏ.ఇ.గారికి ఏలూరు పడింది! పొద్దునే ఆర్డరొచ్చింది. మనిషి ఆనందం పట్టలేక ఆఫీసంతా తిరుగుతున్నాడు. రేపు పొద్దున సన్మానం, మధ్యాహ్నానికి రైలు." ఊపిరి పీల్చుకుని, "నిన్ను తల్చుకోవడం కూడా అయింది. నీ పేరు చెప్పి కొబ్బరికాయ కొట్టాడు" అన్నాడు.

వెంగమ్మ చేతిలో ఉన్న రాలిన పూవును చూసుకుంది. తర్వాత కొంగు దులుపుకుని లేచింది.

"కొబ్బరికాయ సరేరా కాశీం. మొక్కు సంగతేంది?"

* * *

సన్మానం జోరుగా సాగుతోంది. పరాంకుశం మెడలో గజం పొడుగు బంతిపూల దండ. నెత్తి మీద ఫ్యాను, ఇవాళ్టి కోసం బాగుచేయించారు. చక్రధరం లేచి, ఈ కార్యాలయం పరమాతిథ్యాన్ని సాధించిన వైనం చెబుతుండగా వెంగమ్మ లోపలికి వచ్చింది. వెనకాలే యేసోబు. ఎవరూ ఆవాహన చెయ్యలేదు. కాశింపీరా గంట దగ్గరికి వెళ్లబోయి ఆగిపోయాడు.

"నాయనా పరాంకుశం, బదిలీ అయిందంటగా" అంది వెంగమ్మ.

ఏ.ఇ. గబుక్కున లేచి చేతులు జోడించాడు. ఈసారి అవి ఉత్తర్వు ప్రకారం జోడించిన చేతులు కావు. "నీ దయ తల్లీ! ఎనిమిదిసార్లు అడిగితే కానిది..."

"సంతోషం. మొక్కు తీర్చుకుని పో."

"తప్పకుండా. కాశీం, అక్షతలు!"

కాశింపీరా పళ్లెం తెచ్చాడు. వెంగమ్మ ఆ పళ్లెం వంక చూసి తల అడ్డంగా ఊపింది.

"మొక్కుకు అక్షతలేందయ్యా? పూజలో లేనిదానికి అక్షతలేస్తారు. మొక్కుకు ఏ ఊళ్లో వేస్తారు? తలనీలాలు మొక్కుకున్నోడు కొండకు పోయి, జుట్టుకు బదులు నాలుగు గింజలిచ్చి, క్రాపుతో దిగొచ్చాడని యాడన్నా విన్నావా?"

టైపిస్టు తన మోకాలు తడుముకుంది. రికార్డు అసిస్టెంటు చెయ్యి తెలియకుండానే తల మీదికి పోయింది. ఆయన కొండకు పోయొచ్చి నెల కూడా కాలేదు.

పరాంకుశం దిక్కుతోచక చక్రధరం వైపు చూశాడు. "సార్, మీ గ్రంథంలో దీనికేమన్నా..."

"మొక్కు అనునది స్థూలదశకు చెందిన..." అని చక్రధరం మొదలుపెట్టి ఆగాడు. ఆయన తల్లి ఆయన డాక్టరేటు కోసం మొక్కుకుంది. రెండు సంపుటాలు రాసి, పట్టా పుచ్చుకుని కూడా, నలభై ఏళ్ల వయసులో ఆయన గుండు చేయించుకోక తప్పలేదు. అప్పుడు అక్షతల మాట ఎత్తడానికి ఆయనకే ధైర్యం చాలలేదు. "మొక్కు వేరండీ" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. "దానికి ప్రత్యామ్నాయం లేదు."

"తీర్చకపోతే?"

"ఇచ్చినామె వెనక్కు తీసుకుంటుంది."

పరాంకుశం చెయ్యి జేబులోని ఆర్డరు మీదికి పోయింది. రద్దయిన బదిలీలు ఆయన చాలా చూశాడు. రైలు దిగేలోపల రద్దయినవి కూడా ఉన్నాయి.

"ఏం కావాలి తల్లీ?"

వరం ఫలించింది గనక ఇప్పుడు అడగవచ్చు. వెంగమ్మ అడిగింది.

"ట్రాన్స్‌ఫార్మరు."

ఏ.ఇ. నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మీకు ఇచ్చేసినట్టు నమోదైపోయిందమ్మా! మూడేళ్ల దాకా స్టోర్సులోంచి బోల్టు కూడా కదలదు. వేరే ఏదన్నా కోరుకో. కోడి, మేక, పట్టుచీర..."

"నువ్వేం కోరితే అదిస్తానన్నావు. ఇదుగో, ఈళ్లంతా సాక్షి."

"విన్నామండీ" అంది టైపిస్టు. ఆమె మోకాలి నొప్పి సంగతి ఇంకా తేలలేదు. దేవత పక్షాన ఉండటం మంచిదని ఆమెకు తోచింది.

పరాంకుశం కిటికీలోంచి బయటికి చూశాడు. ఎదురుగా ఆవరణలో, రెండు స్తంభాల మధ్య గద్దె మీద, ఆఫీసుకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరు గుర్రుమంటూ ఉంది. కిందటేడాదే వేసిందది. రంగు కూడా మాయలేదు. దాన్ని ఎవరికీ ఇచ్చినట్టు ఏ లెక్కలోనూ లేదు. అది ఎవరూ అడగలేదు గనక ఎవరికీ ఇవ్వకూడదన్న ఉత్తర్వు కూడా లేదు.

"మొక్కంటే మనది మనం ఇవ్వడమే కదా సార్?" అన్నాడు.

చక్రధరం తన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"లైన్‌మన్‌ని పిలవండి. మధ్యాహ్నం దాకా ఇక్కడ ఏ.ఇ.ని నేనే."

గంటలో లైను కత్తిరించారు. సన్మానసభ మీద తిరుగుతున్న ఫ్యాను నెమ్మదించి, నెమ్మదించి ఆగింది. యేసోబు వెళ్లి తెలిసినవాళ్ల ట్రాక్టరు తెచ్చాడు. పరాంకుశం తన మెడలోని దండ తీసి ట్రాన్స్‌ఫార్మరుకు వేశాడు. మొక్కుబడి ఊరేగింపు కదా అని కాశింపీరా ముందు గంట వాయిస్తూ నడిచాడు. దారిలో అడిగినవాళ్లందరికీ యేసోబు, "మా అక్కకు ఆఫీసరుగారి మొక్కు" అని చెప్పుకుంటూ పోయాడు. పాస్టరుగారు ఎదురైనప్పుడు మాత్రం "కరెంటు సామానండీ" అన్నాడు.

ఆఫీసులో చక్రధరం చీకటి గదిలో కాసేపు చెమటలు తుడుచుకుని, వెంటనే కొత్త ట్రాన్స్‌ఫార్మరు పంపవలసిందిగా పైఆఫీసుకు మనిషిని పంపాడు. ఆయన ఉత్తర్వులు అక్కడ ఇంకా శ్రద్ధగా అమలవుతున్నాయి. వెళ్లినవాణ్ణి కూర్చోబెట్టకుండా నిలబెట్టి, పదహారు ఉపచారాలూ చేసి, ఉత్తరానికి జరిపారు. సాయంత్రానికి అతను పసుపుమూటతో తిరిగొచ్చాడు.

* * *

మధ్యాహ్నం దాటుతుండగా రాళ్లకుంట తూర్పు పొలాల్లో లైన్‌మన్ స్విచ్చి వేశాడు. వెంగమ్మ బోరు ముందు దగ్గింది, తర్వాత గాలి కక్కింది, ఎర్రనీళ్లు ఉమ్మింది, చివరికి తెల్లటి ధార కట్టింది. నీళ్లు కాలవలో పడి మిరప సాళ్ల వైపు పాకాయి. వాడిన మొక్కల మొదళ్లు నీళ్లు తాగే చప్పుడు చెవికి తెలుస్తోంది. వెంగమ్మ పారతో మడవ తిప్పి అక్కడే కాసేపు నిలబడింది.

పరాంకుశం గట్టు మీద కూలబడ్డాడు. కండువా ఎప్పుడో జారిపోయింది. చొక్కా నిండా ట్రాన్స్‌ఫార్మరు నూనె. పొద్దున్నుంచీ సన్మానమే తప్ప తిండి లేదు. రైలు వెళ్లిపోయింది. సాయంత్రం ఇంకోటుందని లైన్‌మన్ చెప్పాడు.

వెంగమ్మ ఆయన్ని చూసింది. పాకలోంచి నులకమంచం తెచ్చి వాల్చింది. "కూసో నాయనా" అంది. కడవలోంచి చెంబుతో నీళ్లు ముంచి కాళ్లకు పోసింది. ఇంకో చెంబు తాగడానికి ఇచ్చింది. ఆయన గుటకలేస్తూ చెంబు మొత్తం తాగాడు. ఆమె సత్తు పళ్లెంలో పెరుగన్నం కలిపి, పక్కన ఉల్లిపాయ పగలగొట్టి, రెండు ఊరమిరపకాయలు వేసి ఆయన ముందు పెట్టింది.

పరాంకుశం పళ్లెం వైపు చూశాడు గానీ చెయ్యి పెట్టలేదు. అటూ ఇటూ చూశాడు. ఎవరో వచ్చి తెర కడతారేమో, గంట మోగుతుందేమో అన్నట్టు.

"ఏం నాయనా, తినవే?"

"ఇది... నిజంగా తినేదేనామ్మా?"

"తినకపోతే చూసుకోటానికి పెట్టానా? పుండన్నావుగా కడుపులో. పెరుగు మంచిది. తిను."

ఆయన తిన్నాడు. వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. మధ్యలో ఆమె అడక్కుండానే ఇంకో గరిటెడు అన్నం వేసింది. గట్టు కింద నీళ్లు మూడో సాలు దాటి నాలుగో సాల్లోకి మళ్లాయి. ఉల్లిపాయ ఆఖరి ముక్క కూడా అయిపోయాక ఆయన చెయ్యి కడుక్కుని లేచి, ఏదో అనబోయి, సంస్కృతం తప్ప ఏమీ తోచక ఊరుకున్నాడు.

యేసోబు ట్రాక్టరు స్టార్టు చేశాడు. పరాంకుశం ఎక్కి కూర్చున్నాడు. ట్రాక్టరు డొంకలోకి తిరుగుతుంటే వెంగమ్మ మడవ కట్టడం ఆపి, పార మీద చెయ్యి ఆనించి, గొంతెత్తి కేకేసింది.

"ఇంటిదాన్నీ పిల్లల్నీ తీసుకుని మళ్లా రాయ్యా!"